సెలవుల్లో పిల్లలతో బొమ్మ వంతెన: ఏ రకం కట్టించాలి, దేనితో కట్టించాలి

సెలవుల ప్రాజెక్టుకి బొమ్మ వంతెన అనుకోగానే చాలామంది ముందు ఫోన్‌లో ఒక మంచి ఫొటో వెతుకుతారు. అందులో దాదాపు ఎప్పుడూ వేలాడే వంతెనే కనిపిస్తుంది: రెండు ఎత్తయిన స్తంభాలు, వాటి మధ్య కిందికి వంగిన తాళ్లు. చూడముచ్చటగానే ఉంటుంది గానీ, మొదటిసారి కట్టే పిల్లలకి ఇంతకంటే కష్టమైనది లేదు. బొమ్మ వంతెనల్లో పుల్ల మధ్యకి విరగడం అరుదు. అతుకు ఊడుతుంది, లేదా పుల్ల పక్కకి వంగిపోతుంది. అందుకని మీ పిల్లలు ఎలాంటి అతుకు తమంతట తాము గట్టిగా వేయగలరో ముందు తేల్చుకోండి. సామాను, వంతెన రకం రెండూ దాని వెనకే తేలిపోతాయి.

తొందరలో ఉన్నవారికి సంగతి ఇదీ. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకి పాత పేపర్ గొట్టాలు, బోల్టులు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకి ఐస్‌క్రీమ్ పుల్లలు, ఫెవికాల్, ట్రస్ వంతెన (పుల్లలని త్రిభుజాలుగా కలిపి కట్టేది). చేతిలో రెండు రోజులే ఉంటే అట్టతో ఆర్చి. కేబుల్ వంతెన, వేలాడే వంతెన పదమూడు దాటిన వాళ్లకి, అదీ రెండో ప్రాజెక్టుగా. దసరా సెలవుల్లో వీటిలో ఏదైనా పూర్తవుతుంది. సంక్రాంతికి మాత్రం ట్రస్ మొదలుపెట్టకండి, జిగురు ఆరేలోపు ఊరి ప్రయాణం వచ్చిపడుతుంది.

పేపర్ గొట్టాలు

ఖర్చు లేనిది, పెద్దగా కనిపించేది, చిన్న చేతులకి లొంగేది ఇదే. దినపత్రిక పేజీ ఒకటి తీసుకుని, ఒక మూల నుంచి సన్నటి వెదురు పుల్ల మీద గానీ సైకిల్ చువ్వ మీద గానీ ఏటవాలుగా బిగించి చుట్టాలి. చివరి మూలకి జిగురు రాసి అంటించాక చువ్వ బయటికి లాగేయాలి. గొట్టం రెండు చివర్లా పొరలు తక్కువై మెత్తగా ఉంటుంది, అక్కడ అయిదేసి సెంటీమీటర్లు కత్తిరించి పారేయండి. మిగిలిన దాన్ని 25 సెం.మీ. ముక్కలు చేయండి. ఒక్కో పేజీకి రెండు వస్తాయి.

ముక్క చివర్లని బల్లపరుపుగా నొక్కి, అంచు నుంచి 1.5 సెం.మీ. లోపలికి పంచ్‌తో కన్నం వేస్తే కన్నానికీ కన్నానికీ మధ్య 22 సెం.మీ. ఉంటుంది. ఒక్కో పక్కకి కింద 4, పైన 3, ఏటవాలుగా 8, మొత్తం 15 ముక్కలు. రెండు పక్కలకీ 30. రెండింటినీ కలిపే అడ్డ గొట్టాలు 9. మొత్తం 39 ముక్కలు, 20 పేజీలు, 88 సెం.మీ. పొడవైన వంతెన. కన్నాల్లోంచి 3 మి.మీ. బోల్టు దూర్చి నట్టు బిగించడమే అతుకు. అడ్డ గొట్టం చివరని నొక్కి, తొంభై డిగ్రీలు మడిచి అదే బోల్టుకి ఎక్కించాలి. పురికొసతో కట్టినా నిలుస్తుంది కానీ ముడి వదులైనకొద్దీ వంతెన ఊగుతుంది, బోల్టుకి పెట్టే కొద్ది రూపాయలు వృథా కావు.

అసలు కట్టడం మొదలుపెట్టే ముందు నాలుగు గొట్టాలని నాలుగు బోల్టులతో చతురస్రంగా బిగించి పిల్లల చేతికివ్వండి. ఒక మూల నొక్కితే అది పక్కకి ఒరిగిపోతుంది. మూడింటితో త్రిభుజం చేసిస్తే ఎటు నొక్కినా కదలదు. ట్రస్ అంటే ఏమిటో ఈ వయసుకి ఇంతకు మించి చెప్పక్కర్లేదు.

ఇందులో చెడేది చుట్టడం దగ్గరే. వదులుగా చుట్టిన గొట్టం నడిమికి నలిగిపోతుంది, ఒకసారి మడత పడ్డాక దానికి బలం తిరిగి రాదు. వేలితో నొక్కితే సొట్ట పడే గొట్టాన్ని వాడకండి. మైదా జిగురు చవకే, కానీ కట్టిన వంతెనని రాత్రంతా గచ్చు మీద వదిలేస్తే బొద్దింకలు వెతుక్కుంటూ వస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది కనుక బరువు పరీక్ష ఎండ కాసిన రోజుకి పెట్టుకోండి.

అట్టతో ఆర్చి

ఇది ఒక సాయంత్రం తయారుచేసి, రాత్రి ఆరనిచ్చి, మర్నాడు ఆడుకునే రకం. చొక్కా పెట్టె అట్ట, పెళ్లి శుభలేఖ అట్ట లాంటి పల్చనివి బాగా వంగుతాయి. 40 సెం.మీ. దూరాన్ని 10 సెం.మీ. ఎత్తుతో దాటాలంటే వంపు వెంట పట్టీ పొడవు దాదాపు 46.5 సెం.మీ. కావాలి. 6 సెం.మీ. వెడల్పున అలాంటివి మూడు కోసి, మధ్య ఫెవికాల్ రాసి, ఒకదానిమీద ఒకటి పెట్టి, 50 సెం.మీ. వ్యాసం ఉన్న గంగాళం లేదా పెద్ద బేసిన్ వెలుపలి గోడ చుట్టూ వంచి తాడుతో కట్టేయండి. తెల్లారేసరికి మూడు పొరలూ కలిసి ఆ వంపులోనే గట్టిపడతాయి. ఒక్క పొరని వంచి నిలబెట్టిన దానికీ దీనికీ పోలికే లేదు.

పార్శిల్ డబ్బాల అట్ట వాడితే దాని లోపలి పొరలో అలల్లా ఉండే గాళ్లు ఎటు పోతున్నాయో చూడాలి. ఆర్చి పట్టీకి గాళ్లు అడ్డంగా ఉండాలి, అప్పుడే నున్నగా వంగుతుంది. రోడ్డు పట్టీకి నిలువుగా, అంటే బండి నడిచే దిక్కులోనే ఉండాలి. తారుమారైతే రోడ్డు మడత పడి కుంగుతుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

ఆర్చి కాళ్లు బయటికి జారతాయి. పైన చెప్పిన కొలతలతో 4 కిలోలు సమంగా పరిచి పెడితే ఒక్కో కాలూ దాదాపు 2 కిలోల బలంతో పక్కకి తోస్తుంది. రెండు వైపులా బరువైన పుస్తకాలు అడ్డం పెట్టొచ్చు. అంతకంటే మంచి ఉపాయం, రెండు కాళ్లనీ కింద గట్టి దారంతో కలిపి కట్టడం. అప్పుడది వింటిబద్ద, నారి లాగా తన తోపుని తనే ఆపుకుంటుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద వరసగా కనిపించే కాంక్రీటు ఆర్చీల రైలు వంతెన ఈ పద్ధతిదే. అటు వెళ్లినప్పుడు పిల్లలకి చూపించండి. అక్కడికక్కడే, 1974లో వచ్చిన రైలు-రోడ్డు వంతెన ఉక్కు ట్రస్‌లతో కట్టింది, కింద రైలు, పైన రోడ్డు. రెండు రకాలూ ఒకే నది మీద ఒకే చూపులో దొరికే చోటు ఇంకోటి వెతకాల్సిన పని లేదు.

ఐస్‌క్రీమ్ పుల్లల ట్రస్

ఒక్కటే కట్టగలిగితే ఇదే కట్టించండి. కొలత, ఓపిక, బరువు మోసే సరదా మూడూ ఇందులో ఉన్నాయి, పాడైతే ఎక్కడ పాడైందో కంటికి కనిపిస్తుంది.

స్టేషనరీ షాపుల్లో దొరికే మామూలు పుల్ల 11.4 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు, 2 మి.మీ. మందం. కింద చెప్పే వంతెనకి 81 పుల్లలు పడతాయి, వంద ప్యాకెట్ ఒకటి చాలు. 15 సెం.మీ. పెద్ద పుల్లలు మరో 11 కావాలి. ముందు పుల్లలన్నీ బల్ల మీద పరిచి వంకర తిరిగినవి, ముడి ఉన్నవి పక్కన పెట్టండి. ప్యాకెట్‌లో అలాంటివి ఎప్పుడూ కొన్ని వస్తాయి, అవి రోడ్డుకో రెయిలింగ్‌కో పనికొస్తాయి.

పెద్ద చార్టు మీద అసలు కొలతలతో బొమ్మ గీయాలి. కింది గీత మీద ప్రతి 10 సెం.మీ.కి ఒక చుక్క, 0 నుంచి 60 దాకా ఏడు చుక్కలు. దానికి 8.7 సెం.మీ. పైన ఇంకో గీత, దాని మీద 5, 15, 25 అలా 55 దాకా ఆరు చుక్కలు. చుక్కలు కలిపితే సమబాహు త్రిభుజాల వరస వస్తుంది. చార్టు మీద పాలిథిన్ కవరు పరవండి, లేకపోతే వంతెన చార్టుతో సహా లేస్తుంది.

పై గీత వెంట వచ్చేది పైపట్టె, కింది గీత వెంట వచ్చేది కిందిపట్టె. రెండూ రెండేసి పొరలు. ఒక పొరలో పుల్లలు కొసకి కొస ఆనించి పరచాలి. రెండో పొరని సగం పుల్లతో, అంటే 5.7 సెం.మీ. ముక్కతో మొదలుపెడితే పై పొర సందులు కింది పొర సందుల మీద పడవు. సందు మీద సందు పడితే అక్కడే రెండుగా విడిపోతుంది. కిందిపట్టె 61.4 సెం.మీ., పైపట్టె 51.4 సెం.మీ. దగ్గర కోసేయండి. ఫెవికాల్ పల్చగా, పుల్ల అంతటా రాసి, బట్టల క్లిప్పులు రెండేసి అంగుళాలకి ఒకటి పెట్టి బిగించండి. పక్కల నుంచి జిగురు సన్నటి గీతలా బయటికొస్తే సరిపడినంత రాసినట్టు, ధారగా కారితే ఎక్కువైనట్టు.

ఏటవాలు పుల్లలు ఒక్కో పక్కకి 12. చుక్క దగ్గర రెండు ఏటవాలు పుల్లలు కలుస్తాయి కాబట్టి అన్నీ ఒకే ముఖానికి అంటిస్తే ఒకదానిమీద ఒకటి ఎక్కి ఎగుడుదిగుడు అవుతాయి. కుడికి వాలినవి ఆరూ పట్టెకి ముందువైపు, ఎడమకి వాలినవి ఆరూ వెనకవైపు అంటించండి. రెండో ట్రస్ దీనికి అద్దంలో బొమ్మలా ఉండాలి. ఇది మరిచి రెండూ ఒకేలా కడితే బరువు పడ్డప్పుడు వంతెన మెలి తిరుగుతుంది.

రెండు ట్రస్‌లనీ నిలబెట్టి కలపడం ఒక్కరి వల్ల కాదు, ఇక్కడ పెద్దవాళ్ల చేతులు కావాలి. మధ్య దూరం 8 సెం.మీ. పెట్టుకోండి. ప్రతి చుక్క దగ్గర ఒక అడ్డపుల్ల, కింద 7, పైన 6. వీటిని కోయక్కర్లేదు, అటూ ఇటూ కొంచెం బయటికి ఉంటే నష్టమేమీ లేదు. అడ్డపుల్ల ఆనేది పట్టె అంచు మీద, ఆ అంచు 4 మి.మీ. మాత్రమే, కాబట్టి ఈ అతుకు అన్నిటికంటే బలహీనం. మూలల్లో 2 సెం.మీ. పుల్ల ముక్కలు ఒత్తుగా అంటించండి.

ఆ పైన గడి గడికీ ఒక ఐమూల పుల్ల. 8 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవున్న గడికి ఐమూల దూరం 12.8 సెం.మీ., మామూలు పుల్ల అందదు. పెద్ద పుల్లలు 11 కొనమన్నది ఇందుకే: పైన 5, కింద 6. ఇవి లేకుండా వదిలేసిన వంతెనలు నిలువుగా బాగానే మోస్తాయి, కానీ ఉన్నట్టుండి పైపట్టె పక్కకి వంగి అంతా ఒరిగిపోతుంది. పిల్లలకి ఈ పుల్లలు అనవసరంగా కనిపిస్తాయి, ఎగ్గొట్టాలని చూస్తారు. ఒప్పుకోకండి.

ఎత్తు తగ్గించాలని అనిపించినా తగ్గించవద్దు. ఈ కొలతలతో నడిమధ్యన 10 కిలోలు వేలాడదీస్తే ఒక్కో పైపట్టె మీద పడే నొక్కుడు సుమారు 8.6 కిలోలు. ఎత్తు సగం చేస్తే అది రెట్టింపవుతుంది. పట్టెలకి రెండు పొరలు ఎందుకంటే, పుల్లని మందం వైపు వంచడానికి పట్టే బలం మందం రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది. అలాగే ఆసరా లేని పొడవు సగమైతే పుల్ల నాలుగు రెట్ల నొక్కుడు తట్టుకుంటుంది. వారెన్, ప్రాట్, హౌ అని ట్రస్‌లలో రకాలున్నాయి, పైన చెప్పింది వారెన్. ఈ పుల్లలతో వారెన్ ఎందుకు మేలంటే అన్ని పుల్లలూ ఒకే పొడవు, ఏటవాలు పుల్లల్లో కోతే ఉండదు. ప్రాట్‌లో నిలువు పుల్లలు, ఏటవాలు పుల్లలు వేరే వేరే పొడవులు కావడంతో కోతలు పెరుగుతాయి, కోసిన చోటల్లా చీలికలు వస్తాయి.

జిగురు సంగతి

ఫెవికాలా, గ్లూ గన్నా అన్న ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. చెక్కకి ఫెవికాలే. అరగంటలో కదలకుండా నిలుస్తుంది, పూర్తి బలం రావడానికి 24 గంటలు కావాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. పిల్లలకి ఆ ఓపిక ఉండదు కాబట్టి రోజుకో పని పెట్టుకోండి: ఒకరోజు పట్టెలు, మర్నాడు మొదటి ట్రస్, ఆ మర్నాడు రెండోది, నాలుగో రోజు కలపడం, అయిదో రోజు ఐమూల పుల్లలు, రోడ్డు. ఏడో రోజు బరువు.

గ్లూ గన్ నిమిషంలో పట్టేస్తుంది. కానీ దాని జిగురు పుల్లల మధ్య మందంగా గడ్డకట్టి, బరువుకి మెల్లగా సాగి, పొరలా ఊడొస్తుంది. మొన చర్మం కాల్చేంత వేడి, పన్నెండేళ్ల లోపు వాళ్ల చేతికి ఇవ్వకండి. అడ్డపుల్లల మూలల్లో ఒత్తు పెట్టడానికి, టవర్లని అడుగుపలకకి నిలబెట్టడానికి పెద్దవాళ్లు వాడితే ఉపయోగం. ఫెవిక్విక్ ఈ పనికి వద్దే వద్దు. పుల్ల పీల్చేసుకుంటుంది, అతుకు పెళుసుగా ఉంటుంది, వేళ్లు అంటుకుపోతాయి.

కొబ్బరి ఈనెలతో, కబాబ్ పుల్లలతో కట్టొచ్చా అని అడుగుతారు. ఈనె ఒక కొసన లావు, ఒక కొసన సన్నం, నొక్కితే వెంటనే వంగుతుంది. లాగుడు పడే చోట్ల తప్ప పనికిరాదు. కబాబ్ పుల్లలు నిటారుగా, గట్టిగా ఉంటాయి కానీ గుండ్రటివి కావడంతో జిగురు పట్టే చోటు గీతంతే. ప్రతి అతుకునీ దారంతో ఇంటూ గుర్తులా అటు నాలుగు, ఇటు నాలుగు చుట్లు చుట్టి, ఆ మీద ఫెవికాల్ పూయాలి. మొనలు ముందే విరిచేయండి, కళ్లకి ప్రమాదం.

కేబుల్ వంతెన, వేలాడే వంతెన

ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు కానీ, ఇంట్లో కట్టేటప్పుడు తేడా చాలా ఉంది. హైదరాబాద్ దుర్గం చెరువు మీద 2020లో మొదలైన వంతెనలో తీగలు టవర్ నుంచి తిన్నగా రోడ్డుకే వస్తాయి. వేలాడే వంతెనలో పెద్ద తాడు టవర్ల మీదుగా పోయి అటూ ఇటూ నేలకి కట్టి ఉంటుంది, రోడ్డు దానికి వేలాడుతుంది. తాడు లాగుడంతా ఆ చివరి కట్ల మీదే. 60 సెం.మీ. దూరానికి తాడు 8 సెం.మీ. కిందికి వంగితే, 2 కిలోల బరువు పరిచినప్పుడు ఒక్కో చివరా దాదాపు 1.9 కిలోల బలంతో అడ్డంగా లాగుతుంది. అట్టముక్కకి టేపు వేసి అంటించిన కట్టు దానికి ఆగదు. 12 మి.మీ. ప్లైవుడ్ పలక 120 సెం.మీ. పొడవుది కావాలి, దానికి స్క్రూలు బిగించి తాడు కట్టాలి. నిలువు దారాలు 10 సెం.మీ.కి ఒకటి పెడితే, నడిమిది 1.5 సెం.మీ., దాని పక్కవి 2.4, ఆ పక్కవి 5.1 సెం.మీ. అన్నీ ఒకే పొడవు కోసి తర్వాత సర్దుదామనుకుంటే రోడ్డు అలలు తిరుగుతుంది.

కేబుల్ వంతెనకి నేల కట్లు అక్కర్లేదు, టవర్‌కి రెండు వైపులా లాగుడు సమానంగా ఉంటే చాలు. అందుకే రెండింటిలో ఇదే ఎంచుకోండి. 80 సెం.మీ. రోడ్డు, మధ్యలో రోడ్డు మీద నుంచి 35 సెం.మీ. ఎత్తు టవర్, అటూ ఇటూ 10, 20, 30 సెం.మీ. దగ్గర తీగలు. తీగలు రోడ్డుని టవర్ వైపు నొక్కుతాయి కాబట్టి రోడ్డు పల్చని అట్ట అయితే ముడుచుకుంటుంది, పెద్ద పుల్లలు మూడు పొరలుగా అంటించి చేయండి. కట్టేటప్పుడు రోడ్డు కింద పుస్తకాలు పెట్టి కొసలని 4 మి.మీ. ఎత్తులో ఉంచండి, దారం సాగాక సమంగా దిగుతుంది. ఎప్పుడూ జతలుగా కట్టాలి: ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఒక వైపు పూర్తిచేసి రెండో వైపు మొదలుపెడితే టవర్ అటే వాలిపోతుంది. నైలాన్ దారం సాగుతుంది, ముడి జారుతుంది. గట్టి నూలు దారం మేలు, ముడి మీద ఒక చుక్క ఫెవికాల్. గాజు మాంజా ఇంట్లో మిగిలుంటే దాని జోలికి పోవద్దు.

బరువు పరీక్ష

రెండు బల్లలు 58 సెం.మీ. ఎడంగా పెట్టి వాటి మీద ట్రస్ వంతెన ఆనించండి. కొసల చుక్కలు బల్లల అంచుల మీదికి రావాలి. త్రిభుజం మధ్యలో ఆనిస్తే కిందిపట్టె విరుగుతుంది, అది వంతెన తప్పు కాదు. నడిమి చుక్క దగ్గర రెండు కిందిపట్టెల మీదా ఒక గట్టి కర్ర అడ్డంగా వేసి, దానికి తాడుతో బకెట్ వేలాడదీయండి. బకెట్ నేలకి 5 సెం.మీ. పైన ఉండాలి, కింద పాత దుప్పటి. నీళ్లు అర లీటరు చొప్పున పోస్తే అర కిలో చొప్పున పెరిగినట్టే లెక్క, బకెట్ బరువు విడిగా కలుపుకోవాలి. పోసిన ప్రతిసారీ పది అంకెలు లెక్కపెట్టి ఆగి, ఏ పుల్ల వంగుతోందో చూడమనండి. మొహం వంతెనకి దగ్గరగా పెట్టనివ్వకండి.

సరిగ్గా కట్టిన ట్రస్ 10 కిలోలు దాటడం మామూలే. 3, 4 కిలోలకే పోతే దాదాపు ఎప్పుడూ మూడు కారణాల్లో ఒకటి: జిగురు పూర్తిగా ఆరలేదు, ఐమూల పుల్లలు లేవు, లేదా రెండు ట్రస్‌లూ సమాంతరంగా లేవు. ఊడిన చోట చెక్క పీచు జిగురుకి అంటుకుని లేచి వస్తే అతుకు మంచిదే, చెక్కే ఓడింది. జిగురు నున్నగా అద్దంలా ఊడితే సరిగా పట్టలేదన్నమాట. పుల్లని గరుకు కాగితంతో రుద్ది మళ్లీ అంటించాలి. అతుకులు నిలిచి ఏటవాలు పుల్ల విల్లులా వంగితే పరీక్ష అక్కడే ఆపేయండి. బరువు దించి, చివరి త్రిభుజాల్లోని ఏటవాలు పుల్లలకీ, వంగిన దానికీ ఇంకో పుల్ల జోడించి క్లిప్పులు పెట్టి, ఒక రోజు ఆగి మళ్లీ నీళ్లు పోయండి.